మడి కట్టుకున్న కేబులు

మూడు వేల మూడు వందల వోల్టుల కరెంటును నాలుక మీద వేసుకుని, చప్పరించి, "ఉప్పు లేదు" అని తేల్చి చెప్పిన మనిషి ఈ భూమ్మీద ఒక్కడే పుట్టాడు. ఆ ఒక్కడూ లండన్‌లోనో మద్రాసులోనో పుట్టలేదు. పుల్లలచెరువు అవతల, గుక్కెడు మంచినీళ్ళకు మైలు నడవాల్సిన పల్లెలో పుట్టాడు. పేరు ఏబేలు. దోర్నాల అడవిలో పడబోయిన పిడుగొకటి, కింద ఏబేలు ఉన్నాడని తెలిసి సిగ్గుపడి, దారి మళ్ళించుకుని గిద్దలూరు అవతల పడిందని కూడా అంటారు. పిడుగు సంగతి కాస్త సాగదీసిందే కావచ్చు. ఉప్పు సంగతి అట్లా కాదు. దానికి సాక్షి ఉన్నాడు. పలకల గని మేస్త్రి మాలకొండయ్య. ఆయన ఊరికే చూసిన సాక్షి కూడా కాదు, అదే రోజు, అదే గోతిలో, తానూ నాలుక చాపినవాడు.

ఏబేలు నాయన యల్లయ్య కపిల బానలు కుట్టేవాడు. ఎద్దులు బావిలోంచి నీళ్ళు లాగే పెద్ద తోలు సంచులవి. యల్లయ్య కుట్టిన బానలో నీళ్ళు నింపి అటకెక్కించి మరిచిపోతే, మనవడి పెళ్ళినాటికి దించుకుని కాళ్ళు కడుక్కోవచ్చని వెలిగండ్ల దాకా పేరు. నీళ్ళు బయటికి పోకుండా చూడడం నాయన పని. కొడుక్కి దొరికిన పని దానికి సరిగ్గా తలకిందులు. నీళ్ళు లోపలికి రాకుండా చూడడం.

మిషను బడిలో మూడో తరగతి దాకా చదివి, నాలుగో తరగతిని గుమ్మంలోంచి ఒకసారి పలకరించి, ఏబేలు రైలెక్కి మద్రాసు చేరాడు. అక్కడ వీధుల కింద కరెంటు కేబుళ్ళు పాతే కంపెనీలో గోతులు తవ్వాడు. కొన్నేళ్ళకు, ఆ కేబుళ్ళను ఒకదానికొకటి అతికే జాయింటరు దగ్గర నూనె కుండ మోసే పనికి ఎదిగాడు. ఆ జాయింటరు మహా అనుమానపు మనిషి. అతుకు మొదలుపెట్టగానే గుడారం తెర దించేసుకునేవాడు, ఏబేలు ఎక్కడ పని దొంగిలిస్తాడో అని. ఏబేలు బయట కుండ దగ్గర కూర్చుని చెవులతో దొంగిలించాడు. పదేళ్ళలో పనీ వచ్చింది, అనుమానమూ వచ్చింది. రెండోది లేకుండా మొదటిది నిలవదని కూడా అప్పుడే తెలిసింది.

ఎందుకంటే ఆ కేబులు అట్లాంటిది. అడ్డంగా కోసి చూస్తే పొర కింద పొర. అన్నిటికన్నా పైన తారు పూసిన గోనెనార, దాని కింద ఉక్కు పట్టీ, దాని కింద సీసపు తొడుగు. తొడుగు లోపల మూడు రాగి తీగలు. ఒక్కో తీగ చుట్టూ సన్నని కాగితపు పట్టీలు, లెక్కపెట్టేవాడికి ఓపిక అయిపోయేన్ని పొరలు. మామూలు కాగితం కాదు. తేమంతా ఇగిరిపోయేదాకా వేడెక్కి, నూనె తాగి తాగి తేనెరంగుకు తిరిగిన కాగితం. కరెంటును కట్టేసి ఉంచేది ఉక్కూ కాదు, సీసమూ కాదు, ఆ కాగితమే. అతుకు వేసేటప్పుడు సీసం కోసి ఆపిన అంచు దగ్గర, సంత వాకిట్లో గొర్రెలు తొక్కుకున్నట్టు, కరెంటు గుమిగూడుతుంది. అందుకని ఆ అంచును గంట మూతిలా వెడల్పు చేస్తారు. తీగ మీద మళ్ళీ చుట్టే కాగితాన్ని నడుమ లావుగా, కొసలు సన్నగా, కదురు మీది నూలుకండెలా తీరుస్తారు. ఇంత చేసినా దానికి ఒక శత్రువు ఉంది. తడి. వేలికొస చెమట చాలు. ఆ రోజు ఏమీ కాదు, ఆ వారం ఏమీ కాదు. ఏదో ఒకనాడు భూమి లోపల ఢామ్మంటుంది.

అట్లాంటి కేబులు పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం ఎండాకాలంలో మార్కాపురానికి వచ్చింది.

తెప్పించినవాడు రామసుబ్బయ్య, పెద్ద రైతు. జొన్న పండని ఆయన చేలో పలకరాయి పండింది. తవ్వేకొద్దీ రాయి, రాయితో పాటు ఊట. గని గుంతలోంచి నీళ్ళు తోడడానికి పొద్దున్నుంచి సందెదాకా కపిలలు తిరిగేవి. వాటిలో రెండు జతల ఎద్దులు మాలకొండయ్యవే. ఇక ఇట్లా కుదరదని రామసుబ్బయ్య ఊరి చివర నూనె ఇంజను పెట్టి, కరెంటు పుట్టించి, గనిలో పంపు తిప్పాలనుకున్నాడు. స్తంభాల మీద తీగలు లాగితే తూటా పేలినప్పుడల్లా రాళ్ళు ఎగిరి తెంపుతాయి. అందుకే భూమిలో కేబులు. అది రెండు ముక్కలుగా, రెండు చక్రాలకు చుట్టుకుని వచ్చింది కాబట్టి దారి మధ్యలో, ఇంకొకరి జొన్న కొయ్యకాళ్ళ చేలో, ఒక అతుకు తప్పదు.

అతుకు వేయాల్సిన మద్రాసు జాయింటరుకు వచ్చిన మూడో రోజే చలిజ్వరం పట్టుకుంది. మండే ఎండలో కంబళి కప్పుకుని రైలెక్కాడు. కంపెనీ ఇంజనీరు ఏబేలును పిలిచాడు. "ఎల్లుండి టెస్టు. అతుకు నిలిస్తే నువ్వే జాయింటరువి. నిలవకపోతే గోతులు తవ్వే పనికి కూడా రావొద్దు" అని చెప్పి, తాను ఇంజను బిగించే పనిలో పడిపోయాడు.

మరునాడు పొద్దున్నే ఏబేలు గోతి మీద గుడారం వేశాడు. పలకల గని జనమంతా చుట్టూ చేరారు. మాలకొండయ్య తెర ఎత్తి తల లోపలికి పెట్టాడు.

"ఏందిరా అది, కాగితమా?"

"కాగితమే మేస్త్రయ్యా."

"కరెంటును కాగితంలో చుట్టి పంపిస్తారా? కొమరోలు దుకాణంలో బెల్లం ఇట్లనే ఇస్తారు."

"ఇది నూనె తాగిన కాగితం."

"బజ్జీలు పొట్లం కట్టినా నూనె తాగుతాది." బయట నవ్వులు. మాలకొండయ్యకు ఊపొచ్చింది. "ఆడ ఇంజను కాడ స్విచ్చిబోర్డుకు ఏం బిగించినారు? మన పలక! ఎంత కరెంటైనా దాన్ని దాటి రాదని ఆ ఇంజనీరు దొరే చెప్పినాడు. ఇంత పలక మన కాళ్ళ కింద పెట్టుకుని కాగితం తెచ్చినారంటే యాడనో మోసం ఉండాది."

"పలక వంగదు మేస్త్రయ్యా. కేబులు వంగాల."

"వంగేదాంట్లో నువ్వు ఆరితేరినోడివేలే."

మళ్ళీ నవ్వులు. ఏబేలు నవ్వలేదు. పంపు వస్తే ఈ మనిషి ఎద్దులు కొట్టంలో పడుకుంటాయి కదా అని మాత్రం మనసులో గీత గీసుకున్నాడు. సీసం కోసి, అంచు విప్పి, మూడు తీగలను తామరకాడల్లా విడదీశాడు. తేనెరంగు కాగితం ఎండలో మెరిసింది. పక్కనున్న రైతు ఒకాయన, మెరిసేదాన్ని చూసిన ఎవరైనా చేసే పనే చేశాడు. చెయ్యి చాపాడు.

"ముట్టుకోవద్దు!"

ఆ మాట ఆ ఊళ్ళో కొత్తది కాదు, రోజూ వినపడేదే. కాకపోతే ఎప్పుడూ అటువైపు నుంచి ఇటువైపుకు వచ్చేది. ఇటువైపు నుంచి అటు పోవడం అదే మొదలు.

"ఎవుర్రా ముట్టుకోవద్దనేది?" అన్నాడు రైతు. "ఎవురితో అంటాండావు?"

గొడుగు కింద నిలబడ్డ రామసుబ్బయ్య కూడా రెండడుగులు ముందుకు వచ్చాడు. ఏబేలు చెమట అనబోయాడు. మీ చేతులు మంచివి కావు అన్నట్టవుతుంది. వెతగ్గా వెతగ్గా వాళ్ళ మాటే ఒకటి దొరికింది.

"తప్పయిపోయింది అయ్యా. ఇది మడిలో ఉండాది. మడిలో ఉన్నదాన్ని ఎవురూ తాకరు గదా. నేను కూడా తాకను, సూడండి, పట్టకారుతోనే పట్టుకుంటా."

ఆ మాట మంత్రంలా పనిచేసింది. చాపిన చెయ్యి వెనక్కి పోయింది. జనం అడుగు వెనక్కి జరిగారు. రామసుబ్బయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "మడి అంట! ఏబేలు మడి!" ఆ నవ్వు ఆయన కన్నా ముందే ఇంటికి చేరింది.

ఏబేలు పొయ్యి మీద కాగుతున్న నూనెలోకి పట్టకారుతో కాగితపు పేలిక ఒకటి జారవిడిచాడు. ఇదే జాయింటర్ల పరీక్ష. లోపల తడి ఉంటే పేలిక చిటపటలాడుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. ఊరుకుంది. రెండో కొస నుంచి ఇంకోటి. అదీ ఊరుకుంది. అప్పటికి పొద్దు నడినెత్తికొచ్చింది.

గుడారంలో నీళ్ళ చెంబు కూడా పెట్టకూడదని ఏబేలు నియమం. అందుకే అతని భార్య లీదియా సంగటి తెచ్చి దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చుంది. రామసుబ్బయ్య మాలకొండయ్యను కాపలా పెట్టి పోయాడు.

"ఆ మేస్త్రినా కాపలా పెట్టినారు?" అంది లీదియా. "ఆయన ఎద్దుల పని నువ్వు తీసేస్తాంటే, నీ పనికి ఆయన కాపలానా?"

"నేను పెట్టలేదే. అయ్య పెట్టినాడు."

"నువ్వు ఊరుకున్నావు."

ఏబేలు సంగటి సగం తిని లేచాడు. చేతులు కడుక్కుని, ఎవరో దేవుడికి అర్పిస్తున్నట్టు రెండు అరచేతులూ ఎండకు చాపి ఆరబెట్టుకుంటూ నడిచొచ్చాడు. మాలకొండయ్య గుడారం ముందు బండ మీద కూర్చునే ఉన్నాడు. లోపల అన్నీ పెట్టినవి పెట్టినచోటే ఉన్నాయి. ఇంకొకడైతే పని మొదలుపెట్టేవాడు. ఏబేలు ఇంకో పేలిక కత్తిరించి నూనెలో వేశాడు.

చిట. చిటపట. చిట.

రెండో కొస నుంచి ఇంకోటి వేశాడు. అదీ ఏడ్చింది. వంగి చూశాడు. నూనె కాగితం మీద, చేమాకు మీద నిలిచినట్టు, సన్నని నీటి పూసలు. కొన్ని రాగి పోగుల సందుల్లోకి పాకాయి. అక్కడ దూరిన నీళ్ళు ఎంతదూరం పోతాయో ఎవడూ చెప్పలేడు.

"మేస్త్రయ్యా, ఎవురొచ్చినారు ఇక్కడికి?"

"ఎవురూ రాలా."

"నీళ్ళు పడినాయి."

"యాడ నుంచి పడతాయిరా? ఆకాశంలో మబ్బుతునక ఉండాదా?"

"అదే నేనూ అడుగుతాండా."

మాలకొండయ్య బండ మీంచి లేచాడు. "అంటే నేను పోసినానంటావా?"

ఆపుకోవలసిన మాట ఏబేలు నోరు దాటింది. "పంపు వస్తే మీ ఎద్దులు ఖాళీ గదా మేస్త్రయ్యా."

"ఓహో! మరి ఆ ఎద్దులు లాగే బానలు కుట్టేదెవురు? మీ నాయన కాదూ? నా ఎద్దులకన్నా ముందు మీ యల్లయ్య సూది ఆగిపోతాది. మీ నాయన కోసం నువ్వే పోసుకుని నా నెత్తిన రుద్దుతాండావు. పద అయ్య కాడికి, ఆడనే తేల్చుకుందాం."

ఆ నేరం ఎంత ముచ్చటగా అతికిందంటే, అన్నం తింటూ మధ్యలో లేచొచ్చి తానే పోశాడేమో అని ఒక్క క్షణం ఏబేలుకే అనుమానం వచ్చింది. ఇంకెవరు నమ్మకుండా ఉంటారు? టెస్టులో అతుకు పేలితే, చేతగాక పేలిందని కూడా అనరు. నాయన బానల కోసం చెడగొట్టినాడంటారు. ఆ మాట పడ్డవాడికి ఏ కంపెనీ గుడారం తెర ఎత్తదు.

అప్పుడు తోచింది అతనికి. గని నీళ్ళు వట్టి ఉప్పు. ఎద్దులు కూడా మూతి తిప్పుకుంటాయి. మాలకొండయ్య పోస్తే ఆ నీళ్ళే పోయాలి. ఎవరైనా చేత్తో పిసికితే చెమట, అదీ ఉప్పే. కత్తిరించిన పేలికను పట్టకారుతో ఎత్తి, దాని మీది నీటిపూసను నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఉప్పు లేదు" అన్నాడు.

"ఏంది?"

"ఉప్పు లేదు. గని నీళ్ళు కావు. చెమటా కాదు. మీరు కాదు మేస్త్రయ్యా. తప్పు మాటన్నా."

నేరం అంత తొందరగా దిగిపోయేసరికి మాలకొండయ్యకు కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "మరి ఏం నీళ్ళు?"

"తెలీదు. చల్లగా ఉండాది. గొంతులో గాలి తిరిగినట్టు ఉండాది. ఇట్లాంటి నీళ్ళు నేనెప్పుడూ తాగలా. మీరు సూడండి."

మాలకొండయ్య అటూ ఇటూ చూశాడు. ఏబేలు నాకిన పేలికను వదిలేసి, రెండో కొస మీంచి ఒక పూసను వేలితో తీసి నాలుకకు రాసుకున్నాడు. ఆ తర్వాత ఆయన చెయ్యి, ఆయన్ను అడక్కుండానే పైకి లేచి, నెత్తి మీద తడి తుడుచుకుంది.

ఇద్దరూ ఆ చెయ్యి వైపే చూశారు.

"తీర్థం" అన్నాడు మాలకొండయ్య, గొంతు తగ్గించి. "చెన్నకేశవస్వామి గుడి తీర్థం. పచ్చకర్పూరం, తులసి."

ఏబేలుకు ఆ రుచి ఎట్లా తెలుస్తుంది? ఆ నీళ్ళు అతని అరచేతిలో ఎవరూ ఎన్నడూ పోయలేదు.

"మేస్త్రయ్యా, మీరు ఈడనే ఉన్నారా?"

"ఉన్నా." మళ్ళీ బండ మీద కూర్చున్నాడు. "ఎద్దులకు మేత ఏసొచ్చినా. అంతే. ఒక్క చుట్ట కాల్చినంతసేపు."

తీర్థం ఇంట్లో చెంబుతో ఉంచుకునేది ఒకే మనిషి. రామసుబ్బయ్య తల్లి గురవమ్మ.

రామసుబ్బయ్య ఇంటి ముందు, వాకిలికి అల్లంత దూరంలో ఏబేలు సంగతి చెప్పి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాలకొండయ్య పక్కనే నిలబడి తన చెప్పులు చూసుకున్నాడు.

"మా కేబులు మీద మా ఇంట్లోవాళ్ళే నీళ్ళు పోసినారంటావా?" రామసుబ్బయ్య కళ్ళు ఎర్రబడ్డాయి. "పని చేతగాక నెపాలు ఎతుకుతాండావా? ఎవురు నేర్పినార్రా నీకిది?"

లోపలి నుంచి గురవమ్మ వచ్చి గడప మీద నిలబడింది. తడిచీర, చేతిలో చెంబు. "నేనే చల్లినా. ఏం?"

"అమ్మా!"

"నువ్వుండు. ఏరా, మడిలో ఉండాదని నువ్వే అన్నావంట గదా? మడిలో ఉన్నదాని మీద నీ చేతులు పడితే మడి ఉంటాదా? రేపు ఆ కరెంటుతో తీసిన పలక మీద పిల్లోళ్ళు ఓనమాలు దిద్దుతారే! అందుకని తులసాకుతో మూడు తూర్లు చల్లినా. శుద్ధి అయింది. ఇంక పో, పని చేసుకో."

ఆమె గొంతులో కుట్ర లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అది ఎవరిని కోస్తుందో చూసుకోకుండా. ఏబేలు పొద్దున్నుంచి ఊరందరినీ అనుమానించాడు. అనుమానించనిది ఒక్కదాన్నే, తన నోట్లోంచి వచ్చిన మాటను. ఆమె మడి తడి బట్టలో ఉంటుంది. అతని మడి పొడి కాగితంలో ఉంటుంది. ఒకే మాటకు నడుమ ఒక చెంబెడు నీళ్ళు. తీర్థం పడి చెడిందంటే ఆ వాకిట్లోంచి అతను నడిచి పోడు. చెడలేదంటే రేపు పేలుతుంది.

"అమ్మా," అన్నాడు, "మీరు ఊరగాయ పెడతారా?"

"ఏందిరా తిక్కమాటలు?" రామసుబ్బయ్య అరిచాడు.

"వాణ్ణి అడగనీ. పెడతా. ఈ తాలూకాలో నాలాగా పెట్టే ఆడది ఉంటే చూపించమను."

"జాడీలో ముక్క నూనెలో మునిగి ఉంటాది గదమ్మా. దాంట్లో ఎవురన్నా తడి గరిటె పెడితే?"

"బూజు పడతాది. పెట్టింది కోడలైనా చెయ్యి విరగ్గొడతా."

"గంగ నీళ్ళతో తడిసిన గరిటె పెడితే?"

గురవమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. చెంబు వైపు చూసుకుంది. కొడుకు వైపు చూసింది. చెంబు కింద పెట్టి అంది.

"గంగైనా... తడి తడే."

"ఆ కేబులు ఊరగాయ జాడీ తల్లీ. ముక్క బదులు కాగితం. మూత సీసం."

"మరి ఊరగాయ అని చెప్పి చావొచ్చు గదరా!" అంది గురవమ్మ. "మడి మడి అని ఊరంతా చాటిస్తే నేనేమనుకోవాల?"

రామసుబ్బయ్యకు కోపం దిగింది గానీ అనుమానం దిగలేదు. "ఇప్పుడేం చేస్తావు?"

"తడి పాకినంత మేర కోసేస్తా అయ్యా."

"కోసేకొద్దీ పొట్టిదైతాది గదా? రెండు కొసలూ కలవాల గదా?"

"గోతిలో నాలుగు మూరలు వంపు ఇడిసిపెట్టినా."

"ఎందుకు? ఎవురి మీద అనుమానంతో?"

"అందరి మీదా అయ్యా."

కోత మొదలైంది. రెండు కొసలనుంచీ జానెడు చొప్పున కోశాడు. పేలిక నూనెలో వేశాడు. చిటపట. ఇంకో జానెడు. చిట. రామసుబ్బయ్య గోతి గట్టున నిలబడి, వంపు ఎంత మిగిలిందో కళ్ళతో కొలుస్తున్నాడు. ఇంకో జానెడు. నూనె ఊరుకుంది. రెండో కొస మాత్రం ఇంకా సన్నగా గొణిగింది. ఇంకొక్క కోత. కొసలు రెండూ ఒకదాన్నొకటి అందుకుంటాయో లేదో అన్నంత దగ్గరకొచ్చాయి. నూనె ఊరుకుంది. ఏబేలు మరో పేలిక వేసి చూశాడు. తన చెవుల మీద కూడా అనుమానమే కదా.

ఈసారి కాపలా గురవమ్మది. గుడారానికి ఎదురుగా పీట వేసుకుని, చేపాటి కర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడారం దగ్గరికి వచ్చిన ప్రతివాడితోనూ "చేతులు చూపించు" అంది. చూపించినవాణ్ణి "అయినా పో" అంది. కొడుకు తెర ఎత్తబోతే, "నీ ముఖాన చెమట కాలవలు కడతాండాది, ఎనక్కి జరుగు" అని కర్ర ఎత్తింది. తాను వేయించిన కేబులును తాను చూడలేకపోయిన పెద్ద రైతు మన తాలూకాలో ఆయనొక్కడే. "ఒరే ఏబేలూ, మోచెయ్యి తుడుచుకో!" అని లోపలికీ కేక వేసేది. పీటకూ గుడారానికీ నడుమ ఆమె పాటించే ఎడం మాత్రం ఆమెదే. సాయంత్రందాకా ఆ ఎడం ఒక్క అడుగు తగ్గలేదు.

ఏబేలు రాగి కొసలను రాగి గొట్టంలో దూర్చి, తగరం కరిగించి మాటువేశాడు. వేడి నూనెలోంచి కాగితం పట్టీ పట్టకారుతో తీసి, ఒకటి సగం మీదికి ఇంకొకటి ఎక్కేట్టు, ముడత లేకుండా చుట్టాడు. మూడు తీగల మీదా మూడు కండెలు లేచాయి. వాటి మీద సీసపు గొట్టం జరిపి, రెండు కొసలా కరిగిన మాటులోహాన్ని పాత బట్టతో తుడిచి తుడిచి నున్నగా మూశాడు. కాగిన నల్లటి మైనం పోసి రంధ్రం మూసేసరికి పొద్దు వాలుతోంది.

మరునాడు టెస్టు దొర ఎద్దుబండి మీద పెట్టెతో దిగాడు. కేబులు మోయాల్సిన ఒత్తిడికి రెండింతలు ఎక్కించి పావుగంట ఉంచుతారు. ఈలోగా ముల్లు ఎగిరిందా, అతుకు పోయినట్టు. జనాన్ని చేను దాటించి దూరం నిలబెట్టారు. ఎందుకో ఆ రోజు కపిలలు కట్టలేదు. మాలకొండయ్య ఎద్దులు కాడి లేకుండా నిలబడి నెమరేస్తున్నాయి. యల్లయ్య కూడా వచ్చాడు, తోలు కుట్టే ఆరె చేతిలో అట్లాగే ఉంది.

"ఇది నిలబడితే నా పని పోతాదంటగా?" అన్నాడు కొడుకుతో.

"నిలబడకపోతే నా పని పోతాది నాయనా."

యల్లయ్య ఆరెను గోచీ మడతలో దోపుకున్నాడు. "అట్లైతే నిలబడనీ."

ముల్లు మెల్లగా లేచి ఒకచోట ఆగింది. అయిదు నిమిషాలు. ఏబేలు ముల్లు వైపు చూడలేదు, నేల వైపు చూశాడు. పది నిమిషాలు. ఎవరో తుమ్మారు. వందమంది ఉలిక్కిపడి ఆ తుమ్మినవాణ్ణి అనుమానంగా చూశారు. పావుగంట అయిందని టెస్టు దొర గడియారం మూశాడు. కాగితం తీసి పేరు అడిగాడు. పేరు రాసుకుని, పక్కన జాయింటరు అని రాశాడు. ఏబేలు ఆ మాటను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకున్నాడు. మూడో తరగతి ఆ ఒక్క పూటకు సరిపోయింది.

సాయంత్రం పంపు గుండె దడదడలాడి, గని నీళ్ళు గొట్టంలోంచి దూకాయి. అందరూ అరిచారు. మాలకొండయ్య అరవలేదు. ఆ ఏడాదే ఒక జత ఎద్దులను అమ్ముకుని, ఆ పంపుకే కాపలాదారుగా చేరాడు. యల్లయ్య కొన్నాళ్ళు ఇంజను తోలుబెల్టులు కుట్టాడు, తర్వాత చూపు ఆనక మానేశాడు. గురవమ్మ ఊరగాయ జాడీ ఒకటి పంపింది. పంపిందంటే, తానే తెచ్చి, లీదియా నిలబడ్డచోటికి బారెడు దూరంలో నేల మీద పెట్టి, వెనక్కి జరిగి, "తడి చెయ్యి పెట్టొద్దు" అని చెప్పి పోయింది. ఏబేలు ఆ జాడీ వైపు చాలాసేపు చూశాడు. మంచి ఊరగాయే. రాత్రికి తిన్నారు.

ఆ తర్వాత పదేళ్ళలో ఏబేలు వేసిన అతుకులు మద్రాసులో ఉన్నాయి, బెజవాడలో ఉన్నాయి. అన్నీ భూమిలోనే ఉన్నాయి కాబట్టి చూపించడం కుదరదు, నమ్మాలి. మాలకొండయ్య నోట్లో మాత్రం ఆనాటి సంగతి పంపుతో పాటు ఏడాదికేడాది ఊరింది. మొదటి ఏడు ఏబేలు నాకింది కాగితం. రెండో ఏడు అది రాగి తీగ. నాలుగో ఏటికి తీగలో కరెంటు ఎక్కింది. ఆరో ఏటికి పిడుగొచ్చి చేరింది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఏబేలు ఏదో పని మీద మార్కాపురం వచ్చి పంపు షెడ్డులోకి తొంగి చూసేసరికి, మాలకొండయ్య కొత్తగా చేరిన కూలీలకు అదే చెబుతున్నాడు.

"నమ్మరా? అదిగో ఆయనే వచ్చినాడు, అడగండి! మూడు వేల మూడు వందల వోల్టులు! నాలుక మీద ఏసుకుని, చప్పరించి, ఉప్పు లేదన్నాడు. అవునా కాదా ఏబేలూ?"

ఏబేలు ముందు చేతులు తుడుచుకున్నాడు. అలవాటు. తర్వాత చెప్పాడు.

"నేను నాకింది కాగితం. కరెంటు మరుసటి దినం గానీ రాలా. దాంట్లో ఉప్పు ఉండాదో లేదో నాకు తెలీదు."